ఇంట్లో పెద్దవాళ్ళ నమ్మకం గురించి గొడవ లేకుండా మాట్లాడటం ఎలా: మెదడు పరిశోధనలు చదివి నేను నేర్చుకున్నది

మా పెద్దనాన్న మల్కాజిగిరిలో ఉంటారు. ఆయనకి పద్నాలుగేళ్ళుగా షుగర్. పోయిన ఏడాది ఎండాకాలంలో ఆయన ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది, నేరేడు గింజల పొడి నలభై రోజులు తాగితే షుగర్ మాయం, ఇక గోలీలతో పని లేదు అని. రోజూ పొద్దున పార్కులో ఆయనతో పాటు నడిచే ఆరుగురు రిటైర్డ్ స్నేహితుల్లో ఒకాయన పంపించారు. పెద్దనాన్న గోలీలు ఆపేశారు. ఆపి ఊరుకోకుండా ఆ మెసేజ్‌ని మా చుట్టాల గ్రూపులో కూడా పెట్టారు.

అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో కూర్చునే మూడు లింకులు వెతికి, "ఇది ఫేక్ పెద్దనాన్నా, ఇలాంటివి నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకోకు" అని నలభై మంది చూస్తుండగా రాసేశాను. ఆయన తిరిగి ఒక్క మాట కూడా అనలేదు. సాయంత్రానికి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండు నెలలు నా ఫోన్ ఎత్తలేదు, గోలీలూ వేసుకోలేదు.

నేను రాసింది అక్షరాలా నిజం. అయినా దానివల్ల ఆయనకి మేలు జరగకపోగా కీడే జరిగింది. ఎందుకలా అయిందో అర్థం చేసుకోవాలనిపించి, నమ్మకాల మీద, గుంపు ప్రవర్తన మీద జరిగిన మెదడు పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను. నేను డాక్టర్ని కాదు, చదివిన వాటిలో ఇంట్లో వాడుకోవడానికి పనికొచ్చినవి మాత్రమే ఇక్కడ చెప్తున్నాను. మీ ఇంట్లో కూడా గోలీలు మానేసిన మనిషో, పిల్లలకి టీకాలు వద్దనే మనిషో ఉంటే ఇది మీకోసమే.

అసలు మాట్లాడాలా వద్దా, ముందు అది తేల్చుకోండి

కనిపించిన ప్రతి నమ్మకాన్నీ సరిదిద్దాలని బయల్దేరకండి. మా అమ్మ శనివారం నాడు గోళ్ళు తీయనివ్వదు. ఆదివారం తీస్తాను, అయిపోయింది. నేను చూసుకునేది ఒక్కటే, ఈ నమ్మకం వల్ల ఎవరి ఒంటికైనా, ప్రాణానికైనా, జేబుకైనా దెబ్బ తగులుతుందా లేదా అని. ఏటా మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వాళ్ళ చేప మందు కోసం జనం బారులు తీరతారు కదా, కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు, ఆయాసం ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా పక్కింటి ఆంటీ కూడా వెళ్తారు. అక్కడికి వెళ్ళొద్దని నేను ఎప్పుడూ అనలేదు. "ఇన్‌హేలర్ సంచిలో పెట్టుకోండి ఆంటీ, డాక్టర్ చెప్పకుండా దాన్ని మాత్రం ఆపొద్దు" అంటాను, అంతే. ఆవిడ ఇన్‌హేలర్ పెట్టుకునే వెళ్తారు. నమ్మకం మొత్తాన్ని పీకేయాలని చూస్తే ఆ ఒక్క మాట కూడా చెవికెక్కేది కాదని నా అభిప్రాయం.

పెద్దనాన్న సంగతి అలాంటిది కాదు. అక్కడ గోలీలే ఆగిపోయాయి. కాబట్టి మాట్లాడి తీరాలి.

ఆ నమ్మకం దేనికి ముడిపడి ఉందో చూడండి

2016లో జోనస్ కప్లాన్, శారా గింబెల్, శామ్ హారిస్ అనే ముగ్గురు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. గట్టి రాజకీయ అభిప్రాయాలున్న 40 మందిని, మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపించే స్కానర్‌లో పడుకోబెట్టి, వాళ్ళు బలంగా నమ్మే మాటలు కొన్ని చూపించి, ఒక్కోదానికీ ఎదురు వాదనలు వరసగా చదివించారు. ఆ మాటల్లో కొన్ని రాజకీయానికి సంబంధించినవి, కొన్ని కానివి, బల్బు కనిపెట్టింది ఎడిసన్ లాంటివి. ఎడిసన్ విషయంలో ఎదురు వాదన చదవగానే చాలామంది నమ్మకం సడలింది. రాజకీయం దగ్గరికొచ్చేసరికి దాదాపు ఎవరూ కదల్లేదు. రాజకీయ నమ్మకం మీద దెబ్బ పడినప్పుడు మెదడులో "నేను ఎవరిని" అని మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు చురుగ్గా ఉండే భాగాలు ఎక్కువ పని చేశాయి. ఎవరైతే మరీ తక్కువగా మారారో వాళ్ళలో అమిగ్డలా, ఇన్సులా అనే భాగాలు, అంటే భావోద్వేగాలతోనూ ప్రమాదాన్ని పసిగట్టడంతోనూ సంబంధమున్న భాగాలు, ఎక్కువ స్పందించాయి.

ఇది చదివాక నేను పెద్దనాన్న సంగతి మళ్ళీ మొదట్నుంచీ ఆలోచించాను. నేరేడు పొడికీ రాజకీయానికీ సంబంధం లేదు, కాబట్టి అది ఎడిసన్ బల్బు లాంటిదే అయి ఉండాలి, ఒక లింకు చూపిస్తే సరిపోవాలి. కానీ ఆ మెసేజ్ పంపింది ఎవరు? ముప్పై ఏళ్ళ ఉద్యోగం అయిపోయాక ఆయనకి మిగిలిన స్నేహం ఆ ఆరుగురే. వాళ్ళంతా కలిసి ఆ పొడి తాగుతున్నారు, రోజూ పొద్దున బెంచీ మీద కూర్చుని ఎవరికి ఎంత తగ్గిందో చెప్పుకుంటున్నారు. పైగా చుట్టాలందరికీ మేలు చేస్తున్నానని ఆయన దాన్ని గ్రూపులో పెట్టారు. నేను కొట్టిపారేసింది పొడి గురించిన సమాచారం అనుకున్నాను, ఆయనకి మాత్రం పెద్దరికం మీదా, స్నేహితుల మీదా, పదిమందికి చేసిన మేలు మీదా పడిన దెబ్బ అది.

అందుకే మాట్లాడే ముందు ఒక కాగితం మీద ఈ మూడు విషయాలు రాసుకోండి: ఈ మాట వీళ్ళకి ఎవరు చెప్పారు, దీన్ని ఒప్పుకుంటూ రోజూ వీళ్ళతో ఎవరు ఉంటారు, దీన్ని వదులుకుంటే వీళ్ళు ఎవరి ముందు చిన్నబోతారు. మూడోదానికి జవాబు దొరికేదాకా మాట్లాడటానికి వెళ్ళకండి, ఎందుకంటే ఆ చిన్నబోవడం జరగకుండా చూసుకోవడమే మీరు చేయాల్సిన పనిలో సగం.

గ్రూపులో దిద్దొద్దు

పదిమందిలో ఒంటరిగా నిలబడటం ఎంత కష్టమో 1951లో సాలమన్ ఆష్ చాలా మామూలు పద్ధతిలో చూపించాడు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమనేవాడు. చిన్న పిల్లాడు కూడా చెప్పేయగలడు. అయితే గదిలో మిగతావాళ్ళంతా ఆష్ మనుషులే, వాళ్ళు ముందే మాట్లాడుకుని ఒకే తప్పు జవాబు గట్టిగా చెప్పేవాళ్ళు. తెలియకుండా వచ్చిన వాళ్ళలో నూటికి 75 మంది కనీసం ఒక్కసారైనా గుంపు చెప్పిన తప్పునే చెప్పారు. మొత్తం మీద మూడింట ఒక వంతు జవాబులు గుంపు వైపు వెళ్ళాయి. కళ్ళెదుట గీత కనిపిస్తూనే ఉంది మరి.

2005లో గ్రెగరీ బర్న్స్ బృందం ఇలాంటి పనే స్కానర్‌లో పెట్టి చూసింది, గీతల బదులు తిప్పి చూపించిన ఆకారాలతో. గుంపుతో పాటు తప్పు చెప్పిన వాళ్ళలో మార్పు కనిపించింది ప్రధానంగా చూపుకీ ఆకారాలు పోల్చుకోవడానికీ సంబంధించిన భాగాల్లో. గుంపుని కాదని సొంత జవాబు చెప్పినప్పుడు అమిగ్డలా ఎక్కువ స్పందించింది. 2009లో వసీలీ క్లుచరేవ్ బృందం ఇంకొకటి చూపించింది: మన అభిప్రాయం గుంపు అభిప్రాయంతో కలవనప్పుడు మెదడులో వచ్చే స్పందన, మనం ఏదైనా పొరపాటు చేసి దిద్దుకునేటప్పుడు వచ్చే స్పందనలాగే ఉంటుంది, అది ఎంత బలంగా వస్తే ఆ మనిషి తర్వాత గుంపు వైపు జరిగే అవకాశం అంత ఎక్కువ. అంటే పార్కు బెంచీ మీద పెద్దనాన్న "నాకైతే ఏం తగ్గలేదు" అని అనాలంటే, ఆ మాట నోట్లోంచి రాకముందే లోపల్నుంచి ఏదో "తప్పు చేస్తున్నావు" అని లాగుతుంటుంది. అది పిరికితనం కాదు, మనందరిలోనూ ఉన్నదే.

వెలివేత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2003లో నవోమి ఐజెన్‌బర్గర్ బృందం ఒక కంప్యూటర్ బంతాట పెట్టింది. ఆడుతూ ఆడుతూ మిగతా ఇద్దరూ మీకు బంతి వేయడం మానేస్తారు, అంతే జరిగేది. ఆ కాసేపటికే, శరీరానికి నొప్పి కలిగినప్పుడు చురుగ్గా ఉండే ఒక భాగం స్పందించింది. తర్వాత జరిగిన పరిశోధనల్లో, ముఖ్యంగా 2014లో వచ్చినదానిలో, ఈ రెండు నొప్పులూ మెదడులో పక్కపక్కనే ఉన్నా వాటి నమూనాలు వేరని తేలింది, కాబట్టి "అవమానమూ దెబ్బా ఒకటే" అని తీర్మానించేయకూడదు. అయినా ముక్కూ మొహం తెలియని వాళ్ళు బంతి వేయకపోతేనే అంత బాధ కలిగితే, తన చేతుల మీద పెరిగిన పిల్లాడు నలభై మంది ముందు "ఫేక్" అంటే పెద్దనాన్నకి ఎలా ఉండి ఉంటుందో నాకు చదువుతుంటేనే గొంతు పట్టేసింది.

ఇక చేయాల్సింది. గ్రూపులో దిద్దకండి, విడిగా ఫోన్ చేయండి, వీలైతే ఇంటికే వెళ్ళండి. మెసేజ్ మిగతావాళ్ళకి హాని చేసేలా ఉంటే గ్రూపులో మనిషి పేరెత్తకుండా సరైన సమాచారం ఒక్కటే పెట్టండి, "షుగర్ గోలీలు డాక్టర్‌ని అడగకుండా ఎవరూ ఆపొద్దు, ఆపితే కళ్ళకీ కిడ్నీలకీ ప్రమాదం" అని. ముందే నాలాగా పొరపాటు చేసి ఉంటే అసలు విషయం ఎత్తకముందే క్షమాపణ చెప్పండి, అది కూడా విడిగా కాదు, ఎక్కడ అవమానించారో అక్కడే, ఆ గ్రూపులోనే.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఆష్ ప్రయోగంలోనే ఒక మార్పు చేశారు, గుంపులో ఒక్క మనిషి చేత సరైన జవాబు చెప్పించారు. ఆ ఒక్క తోడు దొరికితే చాలు, గుంపుకి లొంగడం 5 శాతం చుట్టుపక్కలకి పడిపోయింది. కాబట్టి మీరు ఒప్పించాలనుకునే మనిషి గుంపులోనే ఒక తోడుని వెతకండి, మీరు తోడైతే సరిపోదు, మీరు బయటి మనిషి. నేను పార్కులో నడిచే వాళ్ళలో ఒకాయన్ని పట్టుకున్నాను. ఆయన పొడీ తాగుతున్నారు, ఇంట్లోవాళ్ళకి భయపడి గోలీలూ వేసుకుంటున్నారు, కానీ బెంచీ దగ్గర ఎప్పుడూ ఆ మాట చెప్పలేదట. "ఒక్కసారి చెప్పండి అంకుల్" అని బతిమాలాను.

వీధి మొత్తం భయపడినప్పుడు

గుంపు గురించి మాట్లాడుతూ 2018 సంగతి వదిలేయలేను. ఆ మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణ అంతా వాట్సాప్‌లో వదంతులు పాకాయి. మన చాంద్రాయణగుట్ట దగ్గర కొందరు ట్రాన్స్‌జెండర్ మహిళల మీద ఆ అనుమానంతోనే గుంపు దాడి చేసింది, ఒకరు చనిపోయారు. ఏ పాపం తెలియని మనిషి. దాడి చేసిన వాళ్ళలో చాలామంది తమ పిల్లల్ని కాపాడుకుంటున్నామనే అనుకుని ఉంటారు, నాకు ఎక్కువ భయం వేసేది అక్కడే.

మనవాళ్ళు, బయటివాళ్ళు అనే గీత మెదడులో ఎంత తేలిగ్గా పడుతుందో చాలాకాలంగా తెలుసు. 1970ల మొదట్లో హెన్రీ టజ్‌ఫెల్ బ్రిస్టల్‌లో బడి పిల్లల్ని రెండు గుంపులుగా విడదీశాడు, ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో నీకు ఎవరివి నచ్చాయి అనే సాకుతో. పిల్లలు ఒకరినొకరు చూసుకోలేదు, మాట్లాడుకోలేదు, అయినా డబ్బు పంచమంటే తమ గుంపుకే ఎక్కువ వేశారు. 2010లో జ్యూరిక్‌లో గ్రిట్ హైన్ బృందం ఫుట్‌బాల్ అభిమానుల మీద చేసిన పనిలో, తమ జట్టు అభిమానికి నొప్పి కలుగుతుంటే చూసినప్పుడు ఇన్సులా ముందు భాగం ఎక్కువ స్పందించింది, అవతలి జట్టు అభిమాని నొప్పికి తక్కువ. అలా ఎంత ఎక్కువ స్పందించిందో ఆ నొప్పిలో వాటా తీసుకోవడానికి వాళ్ళు అంత ముందుకొచ్చారు కూడా. ఎదుటి మనిషిని "బయటివాడు" అనేసిన క్షణంలో అతని నొప్పి మనకి సగం వినిపించడం మానేస్తుంది.

దీనికి మందు మన దగ్గరే ఒకరు చేసి చూపించారు. అప్పట్లో జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పరిధిలోని 400కి పైగా ఊళ్ళలో ఊరికో పోలీసుని కేటాయించారు. ఆ పోలీసులు ఊళ్ళో వాళ్ళతో పరిచయం పెంచుకున్నారు, పాటలు కట్టి డప్పు కొట్టి మరీ వదంతుల సంగతి చెప్పారు, అనుమానం వస్తే తమకి ఫోన్ చేయమన్నారు. అక్కడ ప్రాణాలు పోలేదు. ఆ ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఐదుగురికి మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది, అదీ అవసరమే, కానీ గద్వాల పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే భయపడిన మనిషికి తన ఊరివాడి గొంతు వినిపించారు.

మీ కాలనీ గ్రూపులో అలాంటి మెసేజ్ వస్తే "ఎవరు చూశారు, ఏ రోజు, ఏ గల్లీ" అని అడగండి, మర్యాదగా, మళ్ళీ మళ్ళీ. జవాబు రాకపోతే అడ్మిన్‌కీ, వాచ్‌మన్‌కీ, గల్లీలో అందరూ మాట వినే కిరాణా షాపాయనకీ ఫోన్ చేసి చెప్పండి. ఎవరినైనా చుట్టుముడుతున్నారని తెలిస్తే ఆలోచించకుండా 112కి కొట్టండి.

మీ చెయ్యి ముందు ఆపండి

నేను ఆ రోజు లింకులు పెట్టింది కోపంతో అనుకున్నాను. నిజానికి అది భయం. మా నాన్న షుగర్‌తోనే పోయారు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసిన పనిలో, కోపంగానో భయంగానో ఉన్న మొహం చూస్తూ ఆ భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు అమిగ్డలా స్పందన తగ్గింది. అందుకని ఇప్పుడు నేను గ్రూపులో ఏదైనా రాయబోయే ముందు ఫోన్ నోట్స్‌లో ఒక వాక్యం రాసుకుంటాను, "నాకు భయంగా ఉంది, ఈయన కూడా పోతాడేమో అని". రాశాక ఐదు నిమిషాలు ఆగుతాను. చాలాసార్లు గ్రూపులో పెట్టాలనుకున్న మాట అక్కడే ఆగిపోతుంది.

మెదడు బొమ్మ చూపిస్తే వెంటనే నమ్మకండి

ఇది చిన్న భాగమే గానీ తప్పకుండా చదవండి, ఎందుకంటే పైన నేను చెప్పినవి కూడా ఇదే జల్లెడ పట్టి చూడాలి. స్కానర్ మన ఆలోచనని ఫొటో తీయదు. రక్తంలో ఆక్సిజన్ మార్పుని కొలుస్తుంది, అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా. ఒక భాగం వెలిగిందని చెప్పి "ఈయన భయపడ్డాడు" అనడం తప్పు, అమిగ్డలా సంతోషానికీ కొత్తదనానికీ కూడా స్పందిస్తుంది. 2009లో క్రెయిగ్ బెనెట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చచ్చిపోయిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, ఈ మనిషి ఏ భావంతో ఉన్నాడో చెప్పమని అడిగారు. లెక్కల్లో చేయాల్సిన సవరణ చేయకపోతే ఆ చేప మెదడు కూడా ఆలోచిస్తున్నట్టే కనిపించింది! జాగ్రత్త లేకుండా లెక్క కడితే ఏదైనా కనిపిస్తుందని చూపించడానికే వాళ్ళు ఆ పని చేశారు.

ఇంకో సంగతి, ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా మనుషుల మీద, చాలాసార్లు పదుల మంది మీదే జరిగాయి. మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ వాళ్ళు 2019లో 100 మంది భారతీయుల స్కాన్లతో ఒక మెదడు అట్లాస్ తయారు చేశారు, పాశ్చాత్యుల మెదళ్ళతో పోలిస్తే మనవాళ్ళవి సగటున పరిమాణంలో కాస్త చిన్నవని, కొలతలకి మన అట్లాసే వాడాలని అందులో తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు, పక్కవాళ్ళ కొలతతో మన చొక్కా కుట్టకూడదన్నదే అందులోని విషయం. నమ్మకాల విషయంలోనూ అంతే, ఉమ్మడి కుటుంబాల మధ్య, పెద్దవాళ్ళ మాటకి విలువ ఇచ్చే చోట ఈ ఫలితాలు ఎలా ఉంటాయో మనవాళ్ళ మీద ఇంకా చాలా పని జరగాలి.

కాబట్టి "మెదడు శాస్త్రం నిరూపించింది" అని ఎవరైనా అంటే, ఎంతమంది మీద చేశారు, ఎక్కడి వాళ్ళు, వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూశారా అని అడగండి. పిల్లలకి కళ్ళకి గంతలు కట్టి చదివిస్తామంటూ మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ పేరుతో మన సిటీలో వేలకి వేలు ఫీజులు తీసుకున్నారు, పిల్లలు ముక్కు పక్క సందులోంచి చూసి చదివేవాళ్ళు. మెదడు అనే మాట వినగానే తలూపే అలవాటు మనందరికీ ఉంది, అది మానుకోవాలి.

మాట్లాడే రోజు

ముందు గ్రూపులో రాశాను, "ఆ రోజు పెద్దనాన్నతో అలా మాట్లాడి ఉండకూడదు, తప్పు నాది" అని. ఆయన గ్రూపులో లేరు, కానీ పెద్దమ్మ ఉంది. వారం తర్వాత ఆదివారం బత్తాయిలు తీసుకుని మల్కాజిగిరి వెళ్ళాను. "ఏంరా, ఇయ్యాల తోవ తప్పి వచ్చినవా?" అన్నారు. చాయ్ తాగాం. ఆ రోజు షుగర్ మాటే ఎత్తలేదు. మీరూ మొదటి రోజు ఎత్తకండి.

రెండో ఆదివారం మా నాన్న గురించి మాట్లాడాను. ఆయన చివరి ఏడాది కాలికి పుండు మానక ఎంత బాధపడ్డారో, డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నేను బయటికి వెళ్ళిపోయేవాణ్ణని, అది ఇప్పటికీ నన్ను తొలుస్తోందని చెప్పాను. పెద్దనాన్న తమ్ముడి గురించి తనకి తెలిసినవి చెప్పారు, ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. లింకు చేయలేని పని సొంత అనుభవం చేస్తుంది. ప్రిన్స్‌టన్‌లో ఉరి హాసన్ బృందం 2010లో చూపించింది, ఒక మనిషి తన జీవితంలో జరిగింది చెప్తుంటే శ్రద్ధగా వినేవాళ్ళ మెదడు స్పందనలు చెప్పేవాళ్ళ స్పందనలతో జత కలుస్తాయని, ఎంత బాగా జత కలిస్తే అంత బాగా అర్థమవుతుందని. 2016లో డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా మయామీలో ఇంటింటికీ తిరిగిన వాళ్ళ సంభాషణల్ని కొలిచారు. తీర్పు చెప్పకుండా వింటూ, సొంత అనుభవం గుర్తు చేసుకోమని అడుగుతూ మాట్లాడిన పది నిమిషాలకే ట్రాన్స్‌జెండర్ల మీద ఉన్న విముఖత తగ్గింది, మూడు నెలల తర్వాత కూడా ఆ మార్పు నిలిచింది.

తర్వాత ఒక ప్రశ్న అడిగాను, నిజంగా తెలుసుకోవాలనే గొంతుతో.

"పెద్దనాన్నా, ఈ పొడి లోపలికి పోయి ఏం చేస్తది? షుగర్ ఎట్ల తగ్గుతది?"

"చేదు కదరా, తీపిని కొడ్తది."

"కొట్టి ఎటు పంపిస్తది?"

కాసేపు ఆలోచించారు. "అది నాకు తెల్వదు. పార్కుల మా సారయ్యని అడగాలె."

2002లో లియొనిడ్ రొజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కైల్ ఇదే చూశారు, జిప్పు ఎలా పనిచేస్తుందో మీకు బాగా తెలుసా అంటే జనం తెలుసనే అంటారు, విడమరిచి చెప్పమంటే అప్పుడు తమకి తెలిసింది తక్కువని వాళ్ళకే అర్థమవుతుంది. "ఎందుకు నమ్ముతున్నావు" అని అడగకండి, అలా అడిగితే మనిషి తనని తాను సమర్థించుకోవడం మొదలుపెడతాడు. "ఎలా పనిచేస్తుంది" అని అడగండి. అడిగాక మధ్యలో దూరకండి, ఆ మౌనం మీకు ఎంత ఇబ్బందిగా ఉన్నా సరే ఆగండి.

ఆ మెసేజ్‌లోని మాటని మీ నోటితో మళ్ళీ మళ్ళీ అనకండి, కాదని చెప్పడానికి కూడా. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వింటే అది నిజమనిపించడం మొదలవుతుందని 1977లోనే తేలింది. 2015లో లీసా ఫాజియో బృందం చేసిన ప్రయోగంలో, స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టుకునే పొట్టి లంగా పేరు చీర అనే వాక్యం కూడా ఉంది. దాని అసలు పేరు కిల్ట్ అని తెలిసినవాళ్ళకి కూడా ఇలాంటి తప్పు మాటలు రెండోసారి చదివితే కాస్త ఎక్కువ నిజంలా అనిపించాయి. అందుకని నేను "పొడితో షుగర్ తగ్గదు" అనడం మానేసి, "గోలీ కాలిని కాపాడుతది" అనే మాటే వెళ్ళిన ప్రతిసారీ అన్నాను.

చివరగా, ఓడిపోయానని అనిపించకుండా ఆయన బయటికి రావడానికి ఒక దారి ఉంచాను. "పొడి మానకు పెద్దనాన్నా, ముందు ఒకసారి మూడు నెలల షుగర్ టెస్ట్ చేయించు. పొడి పని చేస్తుంటే అందులో కనిపిస్తది కదా." హెచ్‌బీఏ1సీ అనే ఆ టెస్ట్ సుమారు మూడు నెలల సగటు చూపిస్తుంది, కాబట్టి ముందు రోజు తిన్నదాని మీద నెపం వేయడానికి వీలుండదు. టెస్ట్ చేయించాలన్న నిర్ణయం ఆయనదే అవ్వాలి, అందుకే నేను తారీఖు కూడా అడగలేదు. అయితే ఒక జాగ్రత్త: మీ ఇంట్లో మనిషికి కళ్ళు తిరుగుతున్నా, విపరీతంగా దాహం వేస్తున్నా, వాంతులవుతున్నా ఈ ఓపికంతా పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మూడో ఆదివారం వెళ్తే ఏమీ చెప్పలేదు. నాలుగో ఆదివారం చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టారు, 10.8 ఉంది, అంటే చాలా ఎక్కువ. పార్కు బెంచీ దగ్గర ఆ అంకుల్ "నేనైతే గోలీలు ఆపలే" అని అన్నారట, దాంతో ఇంకో ఇద్దరు కూడా తామూ ఆపలేదని బయటపెట్టారట. "అందరు ఏస్కుంటున్నరు, నేనొక్కణ్ణే ఆపిన" అన్నారు పెద్దనాన్న, కోపంగా. నేను ఆ కాగితం చూసి "డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోదాం" అని మాత్రం అడిగాను. మర్నాడు పొద్దున వెళ్ళాం. డాక్టర్ గోలీలు మళ్ళీ రాసిచ్చి, కళ్ళూ కిడ్నీలూ చూపించుకోమన్నారు. పొడి సంగతి పెద్దనాన్నే చెప్పారు, అది తాగుతున్నట్టు ప్రతిసారీ తనకి చెప్పాలని, షుగర్ మరీ పడిపోకుండా ఇంట్లో చూసుకుంటూ ఉండమని డాక్టర్ అన్నారు.

ఆయన ఇప్పటికీ పొడి తాగుతున్నారు, గోలీలూ వేసుకుంటున్నారు. చుట్టాల గ్రూపులోకి మాత్రం ఇంకా తిరిగి రాలేదు. పెద్దమ్మ రెండుసార్లు చేర్చబోతే వద్దన్నారట. ఈ ఆదివారం కూడా వెళ్తున్నాను, గ్రూపు మాట ఎత్తకుండా.